నికొలాయ్ వావిలోవ్

నికొలాయ్ ఇవనోవిచ్ వావిలోవ్ (1887 నవంబరు 25 - 1943 జనవరి 26) ప్రపంచ ప్రసిద్ధి గాంచిన రష్యా దేశపు వృక్షశాస్త్రవేత్త, జన్యుశాస్త్రవేత్త, యాత్రికుడు. మానవుడు సాగుచేసే పంటలు భూమి మీద ఏయే ప్రాంతాలలో పుట్టినవో నిర్ణయించడానికి ఈయన ఐదు ఖండాలలో పర్యటించి, తన సహచరులతో కలిసి సుమారు రెండున్నర లక్షల విత్తన, మొక్కల నమూనాలను సేకరించాడు. లెనిన్‌గ్రాడ్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) నగరంలో ఈయన నెలకొల్పిన విత్తన భాండాగారం ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. పంటమొక్కల మూలకేంద్రాల సిద్ధాంతము, వంశపారంపర్య వైవిధ్యంలో సమజాత శ్రేణుల సూత్రము ఈయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే రెండు ముఖ్యమైన కృషి ఫలితాలు. గోధుమ, వరి, పత్తి వంటి పంటలలో జన్యువైవిధ్యాన్ని నేడు డి.ఎన్.ఎ. గుర్తుల సహాయంతో కొలిచే పరిశోధనలకు పునాది ఈయన ఆలోచనలలో ఉంది. ప్రజలను ఆకలి నుండి కాపాడటమే జీవిత లక్ష్యంగా పెట్టుకున్న ఈ శాస్త్రవేత్త స్టాలిన్ పాలనలో అన్యాయంగా నిర్బంధింపబడి, సరాతోవ్ జైలులో తిండి లేక కృశించి మరణించాడు.

బాల్యము, కుటుంబము

వావిలోవ్ 1887 నవంబరు 25న (పాత రష్యా పంచాంగం ప్రకారం నవంబరు 13న) మాస్కో నగరంలో జన్మించాడు. తండ్రి ఇవాన్ ఇల్యిచ్ వావిలోవ్ ఒక రైతు కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే మాస్కో చేరి, నూలు బట్టల మిల్లులో పనిచేసి, క్రమంగా బట్టల వ్యాపారంలో పైకి వచ్చినవాడు. తల్లి అలెగ్జాండ్రా మిఖాయిలోవ్నా. ఆమె తండ్రి కూడా బట్టల మీద అచ్చువేసే నమూనాలను చెక్కే పనివాడు. ఈ విధంగా పత్తి, నూలు, బట్ట అనేవి ఈ కుటుంబపు జీవనాధారాలుగా ఉండేవి. తన పెద్దకొడుకు వ్యాపారంలోకి రావాలని తండ్రి ఆశించినా, నికొలాయ్ మనసు చిన్ననాటి నుండి మొక్కల వైపు, ప్రకృతి వైపు మొగ్గింది.

నికొలాయ్ తమ్ముడు సెర్గీ వావిలోవ్ (1891-1951) గొప్ప భౌతికశాస్త్రవేత్త. ఈయన తరువాతి కాలంలో సోవియట్ సైన్సు అకాడమీకి అధ్యక్షుడయ్యాడు. ఇద్దరు చెల్లెళ్ళలో అలెగ్జాండ్రా వైద్యురాలు. సూక్ష్మజీవశాస్త్రం చదివిన లిడియా 1914లో మశూచి సోకి చిన్నవయసులోనే మరణించింది.

విద్యాభ్యాసము

మాస్కోలోని వాణిజ్య పాఠశాలలో చదువు ముగించిన తరువాత వావిలోవ్ 1906లో మాస్కో వ్యవసాయ విద్యాలయంలో చేరాడు. పంటలను పాడుచేసే గుల్లలేని నత్తలపై విద్యార్థి దశలోనే ఈయన వ్రాసిన వ్యాసానికి బహుమతి లభించింది. 1911లో పట్టభద్రుడైన పిమ్మట సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని అనువర్తిత వృక్షశాస్త్ర కార్యాలయంలో రాబర్ట్ రేగెల్ వద్ద శిక్షణ పొందాడు. మొక్కలకు తెగుళ్ళను కలిగించే శిలీంధ్రాలను గురించి యాచెవ్‌స్కీ వద్ద నేర్చుకున్నాడు. ఒకే పంటలో కొన్ని రకాలు తెగుళ్ళకు లొంగిపోగా, మరికొన్ని ఎందుకు తట్టుకొంటాయి అనే ప్రశ్న ఈయనను మొదటి నుండి ఆకర్షించింది.

1913లో వావిలోవ్ ఇంగ్లాండు వెళ్ళాడు. జన్యుశాస్త్రానికి ఆ పేరు పెట్టిన విలియం బేట్సన్ వద్ద జాన్ ఇన్నెస్ సంస్థలోను, కేంబ్రిడ్జిలోను పరిశోధన చేశాడు. మెండెల్ సూత్రాలు వెలుగులోకి వచ్చి అప్పటికి పదమూడేళ్ళు మాత్రమే గడచాయి. ఈ కొత్త శాస్త్రాన్ని పంటల అభివృద్ధికి ఉపయోగించవచ్చునన్న నమ్మకం ఇక్కడనే ఈయనలో బలపడింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో స్వదేశానికి తిరిగివచ్చాడు.

తొలి యాత్ర

యుద్ధకాలంలో, 1916లో, పర్షియా (ఇరాన్) ఉత్తర భాగంలో ఉన్న రష్యా సైనికులు రొట్టె తిన్న తరువాత మత్తులో పడినట్లు తూలిపోతూ జబ్బు పడుతుండేవారు. కారణం కనుగొనమని ప్రభుత్వం వావిలోవ్‌ను పంపింది. గోధుమ చేలలో పెరిగే ఒక విషపు కలుపుమొక్క గింజలు, బూజు పట్టిన ధాన్యం పిండిలో కలవడమే దీనికి కారణమని ఈయన గుర్తించాడు.

పని ముగిసిన తరువాత వావిలోవ్ అక్కడి నుండి పామీర్ పర్వతాలకు వెళ్ళాడు. ఎత్తైన లోయలలో, బయటి లోకంతో సంబంధం లేని పల్లెలలో, అంతవరకు శాస్త్రవేత్తలు చూడని గోధుమ, రై ధాన్యపు రకాలు ఈయనకు కనిపించాయి. గోధుమ చేలలో రై మొక్క కలుపుగా పెరగడం, కొండ ఎక్కేకొద్దీ, చలి పెరిగేకొద్దీ గోధుమ తగ్గి రై పెరగడం, చివరకు పైమడులలో రై మాత్రమే మిగలడం ఈయన గమనించాడు. రై అనేది మానవుడు కోరి తెచ్చుకున్న పంట కాదని, గోధుమ వెంట కలుపుగా వచ్చి చలిదేశాలలో తానే పంటగా నిలిచిందని ఈయన దీని నుండి నిర్ధారించాడు. నేటికీ ఈ వివరణను శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు.

సమజాత శ్రేణుల సూత్రము

1917లో వావిలోవ్ వోల్గా నదీతీరంలోని సరాతోవ్ నగరంలో ఆచార్య పదవిని చేపట్టాడు. విప్లవం, అంతర్యుద్ధం, కరవు నడుమ విద్యార్థులతో కలిసి వేలకొలది మొక్కలను సాగుచేసి వాటి లక్షణాలను నమోదు చేశాడు. 1920 జూన్ నెలలో సరాతోవ్‌లో జరిగిన పంటల అభివృద్ధి నిపుణుల మహాసభలో తన సూత్రాన్ని ప్రకటించాడు.

దగ్గరి బంధుత్వం ఉన్న జాతులలో వైవిధ్యం ఇష్టం వచ్చినట్లు కాక, ఒకే వరుసలో కనబడుతుందని ఈ సూత్రం చెబుతుంది. ఒక జాతిలో ఏయే రూపాలు ఉన్నవో తెలిసినట్లయితే, దాని బంధుజాతిలో కూడా అటువంటి రూపాలే ఉండవచ్చునని ముందుగా ఊహించి వెదకవచ్చును. రసాయనశాస్త్రంలో మెండెలీవ్ ఆవర్తన పట్టికలోని ఖాళీలు కొత్త మూలకాలను సూచించినట్లే, ఈ శ్రేణులలోని ఖాళీలు ఇంకా దొరకని మొక్కల రకాలను సూచిస్తాయి. ఈ సూత్రం పత్తికి కూడా చక్కగా వర్తిస్తుంది. ఆసియాకు చెందిన దేశవాళీ పత్తి, అమెరికా ఖండపు పత్తి లక్షల సంవత్సరాల క్రితమే వేరుపడినప్పటికీ, గోధుమ రంగు దూది, ఎరుపు ఆకులు, లోతుగా చీలిన ఆకులు వంటి రూపాలు రెండింటిలోనూ కనిపిస్తాయి.

మూలకేంద్రాల సిద్ధాంతము

1920లో రేగెల్ మరణించగా, ఆయన స్థానంలో అనువర్తిత వృక్షశాస్త్ర కార్యాలయాన్ని నడపడానికి వావిలోవ్ 1921లో పెట్రోగ్రాడ్ (తరువాతి లెనిన్‌గ్రాడ్) చేరాడు. ఆ ఏడు వోల్గా ప్రాంతంలో ఘోరమైన కరవు వచ్చింది. కరవును తట్టుకొనే పంటలు కావాలంటే, ప్రపంచంలో ఎక్కడ ఏ రకాలు ఉన్నవో ముందు తెలియాలని ఈయన భావించాడు. అదే సంవత్సరం అమెరికా, కెనడాలలో పర్యటించి విత్తనాలను సేకరించాడు. చిన్న కార్యాలయంగా ఉన్న ఈ సంస్థ క్రమంగా పెరిగి 1930లో అఖిల సోవియట్ సస్య పరిశోధనా సంస్థ అయ్యింది. దేశమంతటా దీనికి ప్రయోగక్షేత్రాలు ఏర్పడ్డాయి. ఒకే విత్తనాన్ని మంచుదేశంలోను, ఎడారిలోను, కొండలోను విత్తి అది ఎట్లా ప్రవర్తిస్తుందో చూడటం ఈయన పద్ధతి.

వావిలోవ్ ఆలోచన సులభంగా అర్థమయ్యేది. ఒక పంట ఎంతో కాలంగా ఉన్నచోట దానిలో రకాలు ఎక్కువగా ఉంటాయి. అక్కడి నుండి కొద్దిపాటి విత్తనంతో దూరప్రాంతాలకు వెళ్ళినప్పుడు ఆ రకాలలో కొన్ని మాత్రమే వెంటవెళ్తాయి. కాబట్టి ఒక పంటకు చెందిన రకాలు ఎక్కడ అత్యధికంగా కనబడతాయో అక్కడే అది పుట్టి ఉండాలి. దీనిని వివరిస్తూ 1926లో ప్రచురించిన గ్రంథానికి వావిలోవ్ లెనిన్ బహుమతిని అందుకున్నాడు. అందులో ఐదు కేంద్రాలను పేర్కొన్నాడు. తరువాతి యాత్రల అనుభవంతో, 1935 నాటికి వాటిని ఎనిమిదిగా విస్తరించాడు. అవి:

1. చైనా కేంద్రము - సోయా చిక్కుడు, కొన్ని చిరుధాన్యాలు
2. భారత కేంద్రము (ఇండోమలయా ఉపకేంద్రంతో సహా) - వరి, చెరకు, కంది, వంకాయ, మామిడి, దేశవాళీ చెట్టుపత్తి
3. మధ్య ఆసియా కేంద్రము - రొట్టె గోధుమ, శనగ, మసూరు, ఉల్లి
4. సమీప ప్రాచ్య కేంద్రము - పలు గోధుమ జాతులు, రై, అంజూరము
5. మధ్యధరా కేంద్రము - ఆలివ్, పలు కూరగాయలు
6. ఇథియోపియా కేంద్రము - బార్లీ, టెఫ్, కాఫీ
7. దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా కేంద్రము - మొక్కజొన్న, చిక్కుడు జాతులు, అమెరికన్ పత్తి
8. దక్షిణ అమెరికా కేంద్రము - బంగాళాదుంప, పొడవు పింజ పత్తి

ఈ కేంద్రాలలో ఎక్కువ భాగం పర్వతప్రాంతాలలో ఉండటాన్ని వావిలోవ్ ప్రత్యేకంగా ప్రస్తావించాడు. పెద్ద నదుల మైదానాలలో నాగరికతలు వెలిసినప్పటికీ, వాటిని పోషించిన పంటలు చాలావరకు కొండల నుండి దిగివచ్చినవేనని ఈయన అభిప్రాయము.

యాత్రలు

వావిలోవ్ యాత్రలు నేటికీ ఆశ్చర్యం కలిగిస్తాయి. 1924లో ఆఫ్ఘనిస్తాన్‌లో గుర్రాల మీద సుమారు ఐదువేల కిలోమీటర్లు ప్రయాణించి, కాఫిరిస్తాన్ (నూరిస్తాన్) లోయలను సైతం దాటాడు. ఈ యాత్ర ఫలితంగా బుకినిచ్‌తో కలిసి వ్రాసిన గ్రంథం 1929లో వెలువడింది. 1926-27లో మధ్యధరా సముద్రతీర దేశాలు, ఇథియోపియా, ఎరిత్రియాలలో తిరిగాడు. ఇథియోపియాలో గట్టి గోధుమలోను, బార్లీలోను ఉన్న అపారమైన వైవిధ్యాన్ని లోకానికి తెలియజేశాడు. 1929లో పశ్చిమ చైనా, జపాన్, కొరియా, తైవాన్‌లు, 1930లో అమెరికా సంయుక్త రాష్ట్రాలు, మెక్సికో, మధ్య అమెరికా, 1932-33లో క్యూబా, పెరూ, బొలీవియా, చిలీ, అర్జెంటీనా, బ్రెజిల్ తదితర దేశాలు ఈయన చూచినవి.

ఈయన ప్రతిచోటా సంతలకు వెళ్ళేవాడు. రైతులతో మాట్లాడేవాడు. పలు భాషలు నేర్చినవాడు కావడంతో విత్తనంతో పాటు దాని స్థానిక నామాన్ని, సాగు పద్ధతిని, వంటలో దాని ఉపయోగాన్ని కూడా వ్రాసుకొనేవాడు. భారతదేశానికి రావాలన్న ఈయన కోరిక మాత్రం నెరవేరలేదు. ఈయన సహచరుడు మార్కోవిచ్ 1926-28 మధ్య భారత్, సింహళం, జావా ప్రాంతాలలో పర్యటించి నమూనాలు సేకరించాడు. మరొక సహచరుడు బుకాసోవ్ మెక్సికో నుండి కొలంబియా వరకు తిరిగాడు.

పత్తి పంట, జైత్సెవ్ కృషి

సోవియట్ ప్రభుత్వానికి మధ్య ఆసియా పత్తి ఎంతో ముఖ్యమైనది. తాష్కెంటులోని పరిశోధనాకేంద్రంలో గవ్రీల్ జైత్సెవ్ (1887-1929) పత్తిపై చేసిన కృషిని వావిలోవ్ ఎంతగానో ప్రోత్సహించాడు. పాత ప్రపంచపు పత్తిని, కొత్త ప్రపంచపు పత్తిని సంకరపరిస్తే పుట్టే మొక్కలు గొడ్డువోతాయని జైత్సెవ్ చూపాడు. అదే కాలంలో కణాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించినవారు దీనికి కారణం కనుగొన్నారు. ఆసియా పత్తి జాతులలో 26 క్రోమోజోములు ఉండగా, సాగులో ఉన్న అమెరికా పత్తి జాతులలో 52 ఉన్నాయి. జైత్సెవ్ 1929లో నలభై రెండేళ్ళు నిండకుండానే మరణించాడు.

మానవుడు నాలుగు పత్తి జాతులను వేర్వేరుగా, వేర్వేరు చోట్ల పెంచడం నేర్చుకున్నాడు. గాసిపియం ఆర్బోరియం, గాసిపియం హెర్బేషియం అనేవి పాత ప్రపంచానికి చెందినవి. గాసిపియం హిర్సూటం, గాసిపియం బార్బడెన్స్ అనేవి అమెరికా ఖండాలకు చెందినవి. తెలుగునాట ఒకప్పుడు విస్తారంగా పండిన కోకనాడ (కాకినాడ) పత్తి, శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీకి వాడే పొట్టి పింజ పత్తి మొదటి వర్గానికి చెందిన దేశవాళీ రకాలు. నేడు ప్రపంచంలో ఉత్పత్తి అయ్యే దూదిలో తొంభై శాతానికి పైగా ఒక్క హిర్సూటం జాతి నుండే వస్తున్నది.

పదవులు, గౌరవాలు

1929లో ఏర్పడిన లెనిన్ వ్యవసాయ శాస్త్రాల అకాడమీకి వావిలోవ్ మొదటి అధ్యక్షుడు. 1930 నుండి సోవియట్ సైన్సు అకాడమీ వారి జన్యుశాస్త్ర ప్రయోగశాలకు, తరువాత దాని నుండి ఏర్పడిన జన్యుశాస్త్ర సంస్థకు సంచాలకుడు. 1931 నుండి 1940 వరకు భౌగోళిక సంఘానికి అధ్యక్షుడు. అమెరికా శాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్‌ను 1933లో తన సంస్థకు ఆహ్వానించి, ఆయన 1937 వరకు అక్కడ పనిచేసేందుకు అవకాశం కల్పించాడు. ముల్లర్‌కు తరువాత నోబెల్ బహుమతి లభించింది.

లైసెంకోతో వివాదము

1930ల ప్రారంభంలో సమష్టి వ్యవసాయం బలవంతంగా అమలుచేయడం వలన, ధాన్యాన్ని ప్రభుత్వం లాగివేసుకోవడం వలన సోవియట్ దేశంలో లక్షలాది ప్రజలు ఆకలితో మరణించారు. ప్రభుత్వానికి త్వరగా ఫలితాలు కావలసివచ్చాయి. ఒక కొత్త వంగడాన్ని తయారుచేయడానికి సాధారణంగా పది పన్నెండేళ్ళు పడుతుంది. ఆ పనిని నాలుగైదేళ్ళలో ముగించాలని 1931లో ప్రభుత్వం ఆదేశించింది.

ఈ పరిస్థితిలో త్రోఫిం లైసెంకో అనే యువ వ్యవసాయ నిపుణుడు ప్రసిద్ధిలోకి వచ్చాడు. మొలకెత్తిన విత్తనాన్ని చలికి గురిచేసి విత్తితే పంట త్వరగా వస్తుందన్న అతని ప్రయోగాలను మొదట్లో వావిలోవ్ కూడా ఆసక్తితో చూచి ప్రోత్సహించాడు. కాని లైసెంకో అంతటితో ఆగలేదు. జన్యువులు అనేవి లేవని, పరిసరాలను మార్చి మొక్కల వంశలక్షణాలను కోరినట్లు మార్చవచ్చునని వాదించాడు. తన మాటలను నియంత్రిత ప్రయోగాలతో నిరూపించవలసిన అవసరం అతనికి కనిపించలేదు. రైతు కుటుంబం నుండి వచ్చినవాడు కావడం, శీఘ్ర ఫలితాలను వాగ్దానం చేయడం వలన అతనికి స్టాలిన్ అండ లభించింది.

1935లో వావిలోవ్‌ను వ్యవసాయ అకాడమీ అధ్యక్ష పదవి నుండి తొలగించారు. 1938లో ఆ పదవి లైసెంకోకు దక్కింది. ఈలోగా పలువురు జన్యుశాస్త్రవేత్తలు, వావిలోవ్ సహచరులు నిర్బంధింపబడ్డారు. 1937లో మాస్కోలో జరగవలసిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ రద్దయ్యింది. అది 1939లో ఎడిన్‌బరోలో జరిగినప్పుడు వావిలోవ్‌నే అధ్యక్షునిగా ఎన్నుకున్నా, ప్రభుత్వం ఈయనకు వెళ్ళడానికి అనుమతి ఇవ్వలేదు. అభిప్రాయాన్ని మార్చుకొని ఉంటే ఈయనకు పదవులు మిగిలేవి. అయినా వావిలోవ్ బహిరంగ సభలలో జన్యుశాస్త్రాన్ని సమర్థిస్తూనే వచ్చాడు.

నిర్బంధము, మరణము

1940 వేసవిలో వావిలోవ్ పశ్చిమ ఉక్రెయిన్ ప్రాంతంలో మొక్కల సేకరణకు వెళ్ళాడు. ఆగస్టు 6న చెర్నివ్‌ట్సి సమీపంలో రహస్య పోలీసులు ఈయనను నిర్బంధించి మాస్కో తరలించారు. సోవియట్ వ్యతిరేక కుట్రలో పాల్గొన్నాడని, ఇంగ్లాండుకు గూఢచారిగా పనిచేశాడని, వ్యవసాయాన్ని పాడుచేశాడని అబద్ధపు నేరాలు మోపారు. పదకొండు నెలల పాటు రాత్రింబవళ్ళు విచారణ సాగించారు. 1941 జూలై 9న కొద్ది నిమిషాల విచారణ అనంతరం మరణశిక్ష విధించారు.

జర్మనీ సేనలు మాస్కో వైపు వస్తుండటంతో ఆ ఏడు అక్టోబరులో ఖైదీలను సరాతోవ్ జైలుకు మార్చారు. ఇరవై ఏళ్ళ క్రితం ఏ నగరంలో తన సూత్రాన్ని ప్రకటించి సభికుల మన్ననలు అందుకున్నాడో, అదే నగరంలో వావిలోవ్ మరణశిక్ష ఖైదీల గదిలో నెలల తరబడి గడిపాడు. జైలులో ఉండగా ప్రపంచ వ్యవసాయ చరిత్రపై ఒక గ్రంథాన్ని వ్రాశాడు. ఆ వ్రాతప్రతి దొరకలేదు. తోటి ఖైదీలకు జీవశాస్త్రంపై ఉపన్యాసాలు ఇచ్చేవాడు. 1942లో మరణశిక్షను ఇరవై ఏళ్ళ ఖైదుగా మార్చారు. అదే సంవత్సరం లండన్ రాయల్ సొసైటీ ఈయనను విదేశీ సభ్యునిగా ఎన్నుకుంది.

సరిపడా ఆహారం లేక శరీరం కృశించిన వావిలోవ్ 1943 జనవరి 26న జైలు ఆసుపత్రిలో మరణించాడు. అప్పటికి ఈయన వయసు 55 సంవత్సరాలు. సరాతోవ్‌లోని శ్మశానవాటికలో సామూహిక సమాధిలో ఖననం చేశారు. ఈయన భార్య యెలెనా బరులినా, చిన్నకొడుకు యూరీ యుద్ధకాలంలో సరాతోవ్‌లోనే తలదాచుకున్నారు. వావిలోవ్ మాస్కోలో ఉన్నాడనుకొని ఆమె తనకున్న కొద్దిపాటి తిండి నుండి పొట్లాలు కట్టి అక్కడికి పంపేది. భర్త తానున్న ఊరిలోనే జైలులో ఉన్నాడని ఆమెకు తెలియదు.

లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో విత్తన భాండాగారము

వావిలోవ్ జైలులో ఉన్న కాలంలోనే, 1941 సెప్టెంబరులో జర్మనీ సేనలు లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టాయి. ఈ ముట్టడి 1944 జనవరి వరకు, 872 రోజులు సాగింది. 1941 చివరి వారాలలో చాలామంది పౌరులకు రోజుకు 125 గ్రాముల రొట్టె మాత్రమే దొరికేది. నగరంలో లక్షలాది ప్రజలు ఆకలితో మరణించారు.

సంస్థ భవనంలో ఆ సమయంలో టన్నుల కొద్దీ గోధుమ, వరి, మొక్కజొన్న, వేరుశనగ, చిక్కుడు గింజలు ఉన్నాయి. వాటిని కాపాడుతున్నవారు ఆకలితో ఉన్నవారే. వేడి లేని చీకటి గదులలో, ఎలుకలు తినకుండా రేకుపెట్టెలలో విత్తనాలను భద్రపరచి, వంతులవారీగా కాపలా కాశారు. ముట్టడి మొదట్లో, కాల్పుల నడుమ, నగర శివారులోని ప్రయోగక్షేత్రం నుండి బంగాళాదుంపల సేకరణను తెచ్చి, శీతాకాలంలో గడ్డకట్టిపోకుండా దొరికిన కట్టెలతో మంట వేసి కాపాడారు. వేరుశనగ నిపుణుడు అలెగ్జాండర్ షుకిన్, వరి నిపుణుడు ద్మిత్రీ ఇవనోవ్ సహా పలువురు ఆకలితో ప్రాణాలు విడిచారు. ఇవనోవ్ మరణించిన తరువాత ఆయన భద్రపరచిన వేలాది వరి విత్తన పొట్లాలు చెక్కుచెదరకుండా దొరికాయి. అవి తరువాతి తరాలకు విత్తనాలన్న తలంపుతో వారు ఒక్క గింజను కూడా ఆహారంగా వాడుకోలేదు.

కుటుంబము

వావిలోవ్ 1912లో యెకతెరినా సఖరోవాను వివాహం చేసుకున్నాడు. వారి కుమారుడు ఒలెగ్ (జననం 1918) భౌతికశాస్త్రవేత్త. అతడు 1946లో కాకసస్ పర్వతాలలో ప్రమాదవశాత్తు మరణించాడు. తరువాత వావిలోవ్ తన శిష్యురాలు, మసూరు పంట నిపుణురాలు అయిన యెలెనా బరులినాను వివాహం చేసుకున్నాడు. వారి కుమారుడు యూరీ 1928లో జన్మించి, భౌతికశాస్త్రవేత్త అయ్యాడు. తండ్రికి సంబంధించిన పత్రాలను వెలికితీయడానికి ఎంతో కృషి చేశాడు.

పునరుద్ధరణ, స్మృతి చిహ్నాలు

స్టాలిన్ మరణానంతరం, 1955 ఆగస్టులో సోవియట్ సర్వోన్నత న్యాయస్థానపు సైనిక విభాగం వావిలోవ్ నిర్దోషి అని ప్రకటించింది. అయినప్పటికీ 1948లో అధికారికంగా నిషేధింపబడిన జన్యుశాస్త్రం సోవియట్ దేశంలో పూర్తిగా తిరిగి నిలదొక్కుకోవడానికి 1960ల మధ్యలో లైసెంకో ప్రాబల్యం అంతరించే వరకు వేచి ఉండవలసి వచ్చింది. తరువాత ఈయన స్థాపించిన సంస్థకు ఈయన పేరే పెట్టారు. ఐదు ఖండాలలో తన యాత్రలను గురించి వావిలోవ్ వ్రాసుకున్న గ్రంథంలో మిగిలిన భాగం 1962లో ప్రచురింపబడింది. చంద్రుని మీద ఒక బిలానికి, ఒక గ్రహశకలానికి (2862 వావిలోవ్) ఇరువురు వావిలోవ్ సోదరుల జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు.

సిద్ధాంతంపై తరువాతి చర్చ

వావిలోవ్ చెప్పిన ప్రతి వివరమూ నిలబడలేదు. వైవిధ్యం అత్యధికంగా ఉన్న చోటు పంట పుట్టిన చోటు ఒకటే కానవసరం లేదని తరువాతివారు చూపారు. ఇథియోపియాలో గోధుమ రకాలు ఎన్నో ఉన్నా, గోధుమ అక్కడ పుట్టలేదు. ఈయన మిత్రుడు హ్యారీ హార్లాన్ కుమారుడైన జాక్ హార్లాన్ 1971లో ఈ సిద్ధాంతాన్ని సవరిస్తూ, కొన్ని పంటలు ఒక కేంద్రంలో కాక విశాలమైన ప్రదేశాలలో పుట్టాయని ప్రతిపాదించాడు. పత్తి విషయంలో కూడా ఇటువంటి సవరణ జరిగింది. వావిలోవ్ మధ్య ఆసియా పంటగా చూపిన హెర్బేషియం పత్తికి వన్యరూపం ఆఫ్రికా దక్షిణ భాగంలో కనిపిస్తుంది. అమెరికన్ పత్తి పుట్టుక మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతమేనన్న ఈయన నిర్ణయం మాత్రం నిలిచింది. దాని వన్యరూపాలు మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పపు సముద్రతీరంలో నేటికీ పెరుగుతున్నాయి.

డి.ఎన్.ఎ. గుర్తుల కాలంలో వావిలోవ్ ఆలోచనలు

వావిలోవ్ వైవిధ్యాన్ని కంటితో కొలిచాడు. ఆకు ఆకారం, గింజ రంగు, వెన్ను పొడవు ఆయనకు ఆధారాలు. అయితే ఇటువంటి లక్షణాలు నేల, నీరు, వాతావరణాన్ని బట్టి కొంత మారుతాయి. పైకి వేరుగా కనిపించే రెండు రకాలు లోపల దాదాపు ఒకటే కావచ్చును. ఈ ఇబ్బందిని డి.ఎన్.ఎ. గుర్తులు తొలగించాయి.

ఈ పద్ధతిలో ఒక్కొక్క పత్తి రకపు లేత ఆకు నుండి డి.ఎన్.ఎ.ను వేరుచేస్తారు. దానిలో ఎంచుకున్న భాగాలను పాలిమరేజ్ చర్య ద్వారా కోట్లాది ప్రతులుగా పెంచి, జెల్ పలక మీద విద్యుత్తు సహాయంతో పొడవును బట్టి విడదీస్తారు. పలక మీద ఏర్పడే పట్టీలలో ఏవి ఏ రకంలో ఉన్నవి, ఏవి లేవు అని నమోదు చేసి, రెండేసి రకాల మధ్య పోలికను లెక్కగడతారు. ఆ లెక్కల నుండి వంశవృక్షం వంటి చిత్రాన్ని గీస్తారు. చిన్న అక్షరక్రమం పదేపదే పునరావృతమయ్యే చోట్లను గుర్తులుగా వాడటం, ఒక్క అక్షరపు తేడాలను గుర్తులుగా వాడటం ప్రస్తుతం ఎక్కువగా అనుసరించే పద్ధతులు.

ఇటువంటి పరిశోధనలలో ఆసియా పత్తులు, అమెరికా పత్తులు స్పష్టంగా రెండు గుంపులుగా విడిపోతాయి. హిర్సూటం జాతికి చెందిన సాగు రకాలు మాత్రం ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. వేర్వేరు పేర్లతో సాగులో ఉన్నవి కూడా కొద్దిమంది పూర్వీకుల సంతతి కావడమే దీనికి కారణం. మెక్సికో, మధ్య అమెరికాలకు చెందిన పాత రకాలలోను, వన్యరూపాలలోను వైవిధ్యం ఇంతకంటె ఎంతో ఎక్కువగా ఉంది. మూలస్థానాన్ని వదలిన పంటకు వెంట వచ్చే వైవిధ్యం కొద్దిదేనన్న వావిలోవ్ మాటకు ఇది చక్కని ఉదాహరణ.

వైవిధ్యం తగ్గినప్పుడు జరిగే నష్టాన్ని చరిత్ర పలుమార్లు చూపింది. 1845 నుండి ఐర్లాండులో బంగాళాదుంపకు వచ్చిన తెగులు లక్షలాది ప్రజలను బలిగొన్నది. 1970లో అమెరికాలో ఒకే మూలపు సంకర మొక్కజొన్నకు ఆకుమాడు తెగులు సోకి విపరీతమైన నష్టం కలిగింది. పొలమంతా ఒకటే రకమైనప్పుడు, దానిని గెలిచిన తెగులు పొలమంతటినీ గెలుస్తుంది. కొత్త పురుగు, కొత్త తెగులు, పెరిగే వేడిమిని తట్టుకొనే గుణం కోసం పరిశోధకులు మళ్ళీ పాత రకాల వద్దకు, వన్యజాతుల వద్దకు వెళ్ళవలసి ఉంటుంది. అందుకు అవి ఎక్కడో ఒకచోట మిగిలి ఉండాలి.

ప్రభావము

విత్తనాలను ముందు తరాల కోసం భద్రపరచాలన్న వావిలోవ్ ఆలోచన నేడు అన్ని దేశాలకు వ్యాపించింది. భారతదేశంలో 1976లో జాతీయ సస్య జన్యు వనరుల సంస్థ ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం ఒకటి హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ఉంది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరువులో 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ సంస్థలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటల విత్తనాలను పలు దేశాల నుండి సేకరించి భద్రపరచారు. నార్వేకు చెందిన స్వాల్బార్డ్ దీవులలో మంచుకొండ కింద 2008లో ప్రారంభించిన ప్రపంచ విత్తన ఖజానా కూడా ఇదే ఆలోచనకు కొనసాగింపు. వావిలోవ్, ఆయన సహచరులు సేకరించిన విత్తనాల సంతతి నేటికీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఆయన సంస్థలో ఉంది. వాటిని వంతులవారీగా మళ్ళీ విత్తి, కొత్త విత్తనం కట్టి భద్రపరుస్తున్నారు.